పోస్టు రద్దయింది, పని అలాగే ఉంది

సివిల్ సర్వీస్ అనగానే మన చర్చంతా ఐఏఎస్‌ల చుట్టూనే తిరుగుతుంది. ఏ కలెక్టర్‌ను ఎక్కడికి బదిలీ చేశారు, ఎవరిని లూప్‌లైన్‌లో పడేశారు అన్నదే వార్త. పొలం గట్టు తగాదా వచ్చిన రైతు మాత్రం ముందు వెతుక్కునేది ఊళ్లో భూమి లెక్క తెలిసిన ఉద్యోగినే. నలభై ఏళ్లుగా మన ప్రభుత్వాలు తీసేస్తూ, మళ్లీ పెడుతూ వస్తున్నది సరిగ్గా ఆ ఉద్యోగాన్నే.

1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చి, ఊరి భూమి లెక్కలు, శిస్తు చూసే కరణం, మునసబు, పటేల్, పట్వారీ పదవులను ఎత్తేసింది. తరతరాలుగా కొన్ని కుటుంబాల గుప్పిట్లో ఉన్న పెత్తనానికి అది గట్టి దెబ్బే. సుప్రీంకోర్టు కూడా ఆ రద్దును సమర్థించింది. కానీ ఏ పొలం ఎవరిది, అందులో ఏ పంట ఉంది అని చెప్పే పహాణీ ఎవరో ఒకరు రాయాలి కదా! పేర్లు మారుతూ మారుతూ ఆ పని చివరికి గ్రామ రెవెన్యూ అధికారుల (వీఆర్వోల) చేతికి వచ్చింది.

2020లో తెలంగాణ ప్రభుత్వం వీఆర్వో వ్యవస్థనూ రద్దు చేసింది. చెప్పిన కారణం అవినీతి. అందులో నిజం లేదని ఎవరూ అనలేరు, చేయి తడపందే కాగితం కదలని ఊళ్లు చాలానే ఉన్నాయి. వీఆర్వోలను 2022లో లాటరీ తీసి వేరే శాఖలకు పంపేశారు. భూమి రికార్డుల ఆన్‌లైన్ పోర్టల్ ధరణి వచ్చాక అధికారం తహసీల్దార్, కలెక్టర్ల దగ్గరికి చేరింది, భూమి రికార్డు తగాదాలు విని తేల్చే రెవెన్యూ కోర్టులు పోయాయి. రికార్డులో ఒక్క గుంట తప్పు పడినా సరిచేయించుకోవడానికి రైతు కలెక్టరేట్ మెట్లెక్కాల్సి వచ్చింది. నా దృష్టిలో అసలు రోగం వీఆర్వో కాదు. రికార్డు మార్చే అధికారం ఒకరి చేతిలో ఉండి, దాన్ని ప్రశ్నించే దారి లేకపోవడమే. పోస్టు తీసేస్తే ఆ రోగం పై అంతస్తుకు ఎక్కుతుంది, అంతే.

ఆంధ్రప్రదేశ్ ఇంకో దారి పట్టింది. 2019 అక్టోబర్ 2న గ్రామ సచివాలయాలు మొదలుపెట్టి, సర్వేయర్‌తో సహా పది మంది దాకా ఉద్యోగులను ఊళ్లోనే కూర్చోబెట్టింది. మనుషులైతే వచ్చారు గానీ, ఎవరు ఏ శాఖకు జవాబుదారీ అన్న గందరగోళం వాళ్లతోపాటే వచ్చింది.

2025లో తెలంగాణ ధరణి స్థానంలో భూభారతి చట్టం తెచ్చింది. గ్రామ పాలనాధికారులుగా సుమారు 5 వేల మందిని నియమించింది. వాళ్లలో ఒకప్పటి వీఆర్వోలు, వాళ్ల కింద పనిచేసిన గ్రామ రెవెన్యూ సహాయకులు (వీఆర్ఏలే) ఉన్నారు! ఈసారి ఉద్యోగితోపాటు, తహసీల్దార్ ఉత్తర్వు మీద పై అధికారి అయిన ఆర్డీఓకు అప్పీలు చేసుకునే దారి కూడా చట్టంలో ఉంది. నేను ఎక్కువ ఆశ పెట్టుకున్నది నియామకాల మీద కన్నా ఆ అప్పీళ్ల మీదే. అవి ఎన్ని నెలల్లో తేలుతున్నాయో ప్రభుత్వం మండలాల వారీగా బయటపెట్టాలి.