ఆ కవర్డ్ బ్రిడ్జిల ఫార్వర్డ్‌ని నమ్మి బయల్దేరకండి బాబూ

సెప్టెంబర్ నెలాఖరు వచ్చిందంటే చాలు మా ఇండియానాపొలిస్ తెలుగు గ్రూపుల్లో ఒక మెసేజ్ లేస్తుంది, ఈసారి ఒకే రోజు మూడు గ్రూపుల్లో వచ్చింది, పైగా "తప్పక షేర్ చేయండి" అని కింద తోక ఒకటి. అందులో ఉన్నదేంటంటే, మా ఇండియానా రాష్ట్రంలోని పార్క్ కౌంటీలో 31 కవర్డ్ బ్రిడ్జిలు, అంటే ఇంటిలా గోడలూ పైకప్పూ ఉన్న పాతకాలం చెక్క వంతెనలు ఉన్నాయి, అన్నీ 150 ఏళ్లు దాటినవే, ఒక్క మేకు కూడా వాడకుండా కట్టారు, గుర్రాలు కింద నీళ్లు చూసి బెదరకుండా పైకప్పు వేశారు, కారు దిగి నడిచే దాటాలి, ఇలాంటివి అమెరికాలో తప్ప ఎక్కడా లేవు, అక్టోబర్‌లో అక్కడ జరిగే కవర్డ్ బ్రిడ్జి ఫెస్టివల్‌కి వెళ్తే ఒక్క రోజులో అన్నీ చూసి వచ్చేయొచ్చు. 31 అన్న అంకె కరెక్టే, దాంట్లో పేచీ లేదు. మిగతా వాటి గురించే నా బాధంతా, నాలుగైదు సార్లు తిరిగినవాడిగా చెప్తున్నా.

ముందు గుర్రాల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే ఇది తెలుగు వాళ్లే కాదు ఇక్కడి వాళ్లు కూడా తెగ చెప్పుకునే కథ. గుర్రం బెదురుతుంది, అది నిజమే, వంతెన మూసి ఉంటే కొట్టంలోకి వెళ్తున్నట్టు ధైర్యంగా నడుస్తుంది, అదీ నిజమే అయ్యుండొచ్చు, కానీ దాని కోసం ఎవడన్నా అంత కలప పోసి రెండొందల అడుగుల ఇంటికప్పు కడతాడా? కప్పు వేసింది చెక్క కోసం. అమెరికాలో మొదటి కవర్డ్ బ్రిడ్జి అని చెప్పుకునేది ఫిలడెల్ఫియాలో షూల్‌కిల్ నది మీద 1805లో పూర్తయింది, కట్టినాయన తిమోతీ పామర్. కప్పు వేయించమని పట్టుబట్టింది రిచర్డ్ పీటర్స్ అనే జడ్జి. కప్పు లేకపోతే పదీ పన్నెండేళ్లు, మంచి కప్పు ఉంటే ముప్ఫై నలభై ఏళ్లు నిలుస్తుందని పామర్ అంచనా. ఇందులో గుర్రం ఎక్కడుంది చెప్పండి. కెనడాలో హార్ట్‌లాండ్ బ్రిడ్జి ఉంది, 1,282 అడుగులు, ప్రపంచంలో అన్నిటికంటే పొడవైన కవర్డ్ బ్రిడ్జి అదే, అది 1901లో తెరిచినప్పుడు దానికి అసలు కప్పే లేదు, 1921-22లో వేశారు. మరి ఆ ఇరవై ఏళ్లూ గుర్రాలు కళ్లు మూసుకుని దాటాయా?

ఇది లోపలికి వెళ్లి తల పైకెత్తి చూస్తే ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమవుతుంది. మా నాన్న వచ్చినప్పుడు పార్క్ కౌంటీలోని జాక్సన్ బ్రిడ్జికి తీసుకెళ్లా, 1861లో జె.జె. డేనియల్స్ కట్టింది, షుగర్ క్రీక్ మీద మధ్యలో ఒక్క స్తంభం కూడా లేకుండా ఒకే అంగలో ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఉంటుంది. ఆయన పెంకుటింట్లో పుట్టి పెరిగిన మనిషి. కాసేపు దూలాలు తడిమి చూసి, "ఇదేముందిరా, మన పెంకుటిల్లే కదా, కాకపోతే కింద నేల బదులు ఏరుంది" అన్నాడు. అంతే విషయం. రెండు పక్కలా ఆ కొస నుంచి ఈ కొసకి విల్లులా వంగిన పెద్ద పెద్ద చెక్క ఆర్చీలు, వాటిని పట్టుకుని నిలువు కంబాలు, వాటి మధ్య ఏటవాలు దూలాలు. దీన్ని బర్ ఆర్చ్ అంటారు, థియోడర్ బర్ అనే ఆయన 1817లో పేటెంట్ తీసుకున్న పద్ధతి. బరువు ఆర్చి మీదుగా ఒడ్డునున్న రాతి కట్టడంలోకి దిగుతుంది. దూలం దూలం కలిసే చోట నీళ్లు దిగితే లోపల్లోపలే పుచ్చిపోతుంది, బయటికి తెలియదు కూడా. పక్కన కొట్టిన పలకలూ పైన కప్పూ తడిసి ఎండి పాడైతే ఊడపీకి కొత్తవి కొట్టుకోవచ్చు, దూలం పోతే మాత్రం వంతెనే పోతుంది. మన ఊళ్లో చూరు బయటికి ఎందుకు దింపుతారో, దీనికి గోడలూ కప్పూ ఎందుకో, రెండింటికీ లెక్క ఒకటే.

మేకులు లేవన్నది ఆ పక్క పలకల దగ్గర నిలబడితే తేలిపోతుంది, మేకుల తలలు వరసగా కనపడతాయి. ఆర్చీని కంబానికి బిగించింది కూడా ఇనప బోల్టులతోనే. కొన్ని రకాల పాత వంతెనల్లో చెక్క చీలలు ఎక్కువ వాడిన మాట నిజం, అక్కడ మొదలైన మాట పెరిగి పెరిగి ఇలా తయారైనట్టుంది.

నడిచే దాటాలి అన్నది చదివి మాత్రం నాకు నవ్వాగలేదు. తప్పు ఆ వంతెనల ముఖద్వారం మీదున్న రాతది. చాలా వాటి మీద తెల్ల రంగు పలకపై నల్లటి అక్షరాలతో "క్రాస్ దిస్ బ్రిడ్జ్ ఎట్ ఎ వాక్" అని ఉంటుంది. మా ఫ్రెండ్ ఒకడు నిజంగానే పిల్లల్ని దింపి నడిపించి తను కారు తెచ్చాడు. అది మనుషులకి కాదు అన్నా, గుర్రాలకి. దౌడు తీయించకుండా మామూలు నడకలో తీసుకెళ్లండి అని అర్థం, బండి గుర్రాలు ఒకే లయలో అడుగులేస్తూ పరిగెడితే వంతెన అదిరిపోతుందని భయం. వెర్మాంట్, న్యూ హాంప్‌షైర్ మధ్య కార్నిష్-విండ్సర్ బ్రిడ్జి మీదైతే గుర్రాన్ని నడిపించు, లేదా రెండు డాలర్లు జుర్మానా కట్టు అనే బోర్డే ఉంది. ఇక కార్ల సంగతంటారా, జాక్సన్ మీద కార్లు పోతాయి, బరువు ఎంత వరకో బోర్డు చూసుకోవాలి అంతే. అదే కౌంటీలో టర్కీ రన్ పార్కులో ఉన్న నారోస్ బ్రిడ్జి మీద మాత్రం నడకే.

అన్నీ 150 ఏళ్లవి కూడా కాదు. నారోస్ 1882 నాటిది. దానికి దగ్గర్లోనే కాక్స్ ఫోర్డ్ 1913లో కట్టింది, నెవిన్స్ అయితే 1920. ఇక ఫొటోల్లో అందరూ పెట్టే బ్రిడ్జిటన్ ఉంది చూడండి, పక్కన పాత పిండిమిల్లు, ముందు నీళ్లు దూకే చిన్న ఆనకట్ట, దాని అసలు వంతెన 1868లో డేనియల్స్ కట్టిందే, కానీ 2005 ఏప్రిల్‌లో ఎవడో నిప్పు పెట్టాడు, మొత్తం బూడిద. ఇప్పుడున్నది 2006లో ఊరివాళ్లు పూనుకుని మళ్లీ కట్టుకున్నది. నాకైతే ఆ కౌంటీలో ఎక్కువ నచ్చేది ఇదే, పాతది కాదని తెలిశాక ఇంకా నచ్చింది, ఆ మెసేజ్ రాసినాయనకి ఈ సంగతి చెప్పడం దండగ అనిపించినట్టుంది.

ఒక్క రోజులో 31 అంటే మీరు వంతెనలు చూడరు, జీపీఎస్ చూస్తారు. ఆ కౌంటీ ముఖ్య పట్టణం రాక్‌విల్‌లో ఇచ్చే మ్యాప్‌లోనే ఐదు రంగుల్లో ఐదు రూట్లు వేసి ఉంటాయి, ఒక రోజు పని కాదనేగా దానర్థం. చాలా చోట్ల కంకర రోడ్లు, మధ్యలో సిగ్నల్ పోతుంది, పిల్లలుంటే టాయిలెట్ ఒక పెద్ద సమస్య. రోజుకి నాలుగో ఐదో పెట్టుకోండి, హాయిగా ఉంటుంది.

ఫెస్టివల్ 1957 నుంచీ జరుగుతోంది, అక్టోబర్ రెండో శుక్రవారం మొదలై పది రోజులు. జనం, తినుబండారాలు, కొనుక్కునే సామాన్లు, అది కావాలంటే తప్పకుండా వెళ్లండి, జాతర జాతరే. మేం మొదటిసారి ఫెస్టివల్ శనివారమే వెళ్లాం, తప్పు మాదే, ఆఖరి రెండు మైళ్లకి గంట పైన పట్టింది, పార్కింగ్ ఎవరిదో పొలంలో, మా అమ్మకి వంతెన కంటే పొలం గట్టే ఎక్కువ గుర్తుంది. అక్టోబర్ చివర్లో వారం మధ్యలో మామూలు రోజున వెళ్తే ఆకుల రంగులింకా ఉంటాయి, జాక్సన్ బ్రిడ్జి లోపల మీరొక్కరే ఉంటారు.

అమెరికాలో తప్ప ఎక్కడా లేవన్నదానికి ఇందాక చెప్పిన కెనడా వంతెన ఒక్కటి చాలు, అయినా స్విట్జర్లాండ్ ట్రిప్ ఫొటోల్లో మీలో సగం మంది లూసర్న్‌లో నిలబడి దిగిన ఆ చెక్క వంతెన ఏంటనుకున్నారు, దానిది 14వ శతాబ్దం, అమెరికా పుట్టకముందే దానికి కప్పుంది.