పచ్చకు తలంటు

నేను పుట్టింది మే నెలలో. బళ్లో వేసినప్పుడు హెడ్మాస్టరు గారు చల్లగా జూన్ 1 అని రాసేశారు. దాంతో సర్టిఫికెట్ ప్రకారం నా జన్మరత్నం ముత్యం, అమ్మ లెక్క ప్రకారం పచ్చ.

ఏ నెలకు ఏ రాయో 1912లో అమెరికాలోని కాన్సస్ సిటీలో నగల వర్తకులు కూర్చుని ఖరారు చేశారు. రాళ్లు అమ్ముకునేవాళ్లే తేల్చారు కాబట్టి ఇందులో స్వార్థం వెతకడం మహాపాపం. మా సిద్ధాంతి గారికి ఈ నెలల గొడవ పట్టదు. ఆయన దృష్టిలో పచ్చ బుధుడిది. బుధవారం చిటికెన వేలికి తొడిగి, పెసలు దానమిస్తే బుద్ధి, మాట, వ్యాపారం వృద్ధి చెందుతాయి. నాకు మూడూ అంతంతమాత్రమే గనక సరేనన్నాను.

షాపులో భూతద్దం పెట్టి చూస్తే రాయి నిండా పగుళ్లు, నాచులాంటి పోగులు. ఇదేంటంటే, "తోట సార్" అన్నాడు షాపతను. నిజమే, ఫ్రెంచివాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు. మరీ కడిగిన ముత్యంలా ఉంటే గాజేమోనని అనుమానించాలట. మా ఇంటి గోడ పగుళ్ల విషయంలో ఈ మాట ఓనరుకు చెప్పలేదు, వింటే అద్దె పెంచుతాడు.

కొలంబియా గనుల్లో స్పెయిన్ వాళ్లు తవ్వించిన పచ్చలు సముద్రాలు దాటి మొఘలుల ఖజానాకు చేరాయి. 1695 నాటి పచ్చ ఒకటి, 217.80 క్యారెట్లు, ఒకవైపు ప్రార్థనలు, మరోవైపు పూలు చెక్కినది, 2001లో 22 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. రాయి క్షేమం. మొఘలులే లేరు.

ఇక సంరక్షణ. ఆ పగుళ్లు కనబడకుండా దేవదారు జాతి చెట్ల నూనె పట్టిస్తారు. కాబట్టి పొయ్యి సెగ తగలకూడదు, మరిగే నీళ్లు, గిన్నెల సబ్బు, సెంటు తగలకూడదు, నగలు శుభ్రం చేసే అల్ట్రాసోనిక్ మెషీన్‌లో అసలు వేయకూడదు. గోరువెచ్చటి నీళ్లు, మెత్తటి బ్రష్, అంతే. కొన్నేళ్లకు నూనె ఆరిపోతే మళ్లీ పట్టించాలి. ఇది విని అమ్మ, "నీ తలకు నూనె రాసుకుని ఎన్నాళ్లయిందిరా?" అంది.

చిక్కంతా ఎక్కడంటే, పని చేసేటప్పుడు ఉంగరం తీసేయమని షాపతను, తీస్తే ఫలితం పోతుందని సిద్ధాంతి గారు. శాస్త్రాన్నీ సైన్సునూ గౌరవించేవాణ్ని కాబట్టి పనే మానేశాను. నెల రోజులుగా గిన్నెలు తోమలేదు, పొయ్యి దగ్గరికి పోలేదు. బుధుడి ప్రభావం ఇంత త్వరగా కనిపిస్తుందనుకోలేదు.

మా ఆవిడది అక్టోబరు. తనకూ పచ్చే కావాలట, వచ్చే బుధవారానికల్లా.