కాపలాదారు గదిలో చోటు లేదు

అర్ధరాత్రి పన్నెండున్నర. సర్వర్ పనికోసం ఇచ్చిన రెండు గంటల గడువులో, అదే మెయింటెనెన్స్ విండోలో, అరగంట అప్పటికే అయిపోయింది. నెట్‌వర్క్‌కి కాపలా కాసే వర్చువల్ సర్వర్‌కి (వేరే కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌గా నడిచే సర్వర్) కొత్త వెర్షన్ ఎక్కించబోతే, "డిస్క్‌లో తగినంత చోటు లేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంది. కాల్‌లో నలుగురం ఉన్నాం. నలుగురమూ మ్యూట్‌లోనే ఉన్నాం.

దీన్ని అందరూ సర్వర్ లోపం అంటారు. నేను ఒప్పుకోను. పాపం, అది తన డ్యూటీ తాను చేసింది. ఎవడో ఒక పోర్టు, అంటే నెట్‌వర్క్ తలుపు, తట్టాడని రాసుకుంది. తలుపు తీయలేదని రాసుకుంది. వాడే మళ్లీ తట్టాడని ఇంకోసారి రాసుకుంది. రాసిందాన్ని ఎవరూ చదవలేదు, అది వేరే సంగతి. ఇప్పుడు దొంగల్ని ఆపే కొత్త తాళం వస్తే, పెట్టుకోవడానికి చోటు లేదు. గది నిండా పాత దొంగల చిట్టాలే.

ప్యాకేజీ 2 జీబీ, ఖాళీ 5 జీబీ, ఇంకేం కావాలని మేనేజర్ గారు అడిగారు. లెక్కల్లో ఆయన కరెక్టే. కానీ 2 జీబీ అన్నది మూట కట్టి ఉన్నప్పటి మాట. విప్పితే అంతకంతా అవుతుంది. డేటాబేస్ కాపీకి ఇంకొంత కావాలి. బెడిసికొడితే వెనక్కి వెళ్లడానికి పాత వెర్షన్ కూడా అక్కడే ఉండాలి. కొత్తింట్లోకి మారే నెలలో రెండిళ్ల అద్దె కట్టినట్టన్నమాట. ఆయన "ఓహో" అని మళ్లీ మ్యూట్‌లోకి వెళ్లిపోయారు.

సరే, ఖాళీ చేద్దామనుకున్నాం. మా జూనియర్ కుర్రాడు డీయూ కమాండ్ కొట్టి, ఏ డైరెక్టరీ ఎంత మింగిందో చూస్తూ ఒకచోట ఆగాడు.

"సర్, ఇక్కడ 41 జీబీ ప్యాకెట్ క్యాప్చర్ ఫైల్, ఎప్పుడో పట్టి దాచిన ట్రాఫిక్ నకలు, ఉంది. పేరు 'టెస్ట్2 ఫైనల్ తీయొద్దు'."

"ఎవరు పెట్టారు?"

"తెలీదు సర్. మూడేళ్ల కిందటిది."

"దేనికి పెట్టారు?"

"అదీ తెలీదు."

"అయితే ముట్టుకోకు."

నవ్వకండి. ఫైల్ ఉంచినందుకు ఇంతవరకు ఎవరి ఉద్యోగమూ పోలేదు. తీసేసినందుకు పోయిన కథలు మాత్రం అందరికీ తెలుసు. ఏమిటో తెలిసిన ఫైల్‌ని ఎవడైనా తీసేస్తాడు. తెలియని ఫైల్ జోలికి వెళ్లకుండా తప్పుకోవడానికే పదిహేనేళ్ల అనుభవం కావాలి.

కుర్రాడికింకా ఉడుకు రక్తం. 38 జీబీ లాగ్ ఫైల్ (సర్వర్ రాసుకునే చిట్టా) ఒకటి చూసి, నేను వద్దనే లోపే లేపేశాడు. డిస్క్‌లో ఖాళీ ఎంతుందో చెప్పే డీఎఫ్ కమాండ్ కొట్టి చూస్తే, అంతకుముందు ఎంతో ఇప్పుడూ అంతే. ఆ ఫైల్‌ని ఏదో ప్రాసెస్, అంటే నడుస్తున్న ప్రోగ్రామ్, ఇంకా తెరిచి పట్టుకుని ఉంది. పేరు పోయింది గానీ పట్టు వదల్లేదు కాబట్టి చోటు తిరిగి రాదు. ఆ ప్రాసెస్‌ని రీస్టార్ట్ చేస్తే వస్తుంది. కానీ అది మొత్తం ట్రాఫిక్‌ని తనిఖీ చేసే ప్రాసెస్ కదా, దాన్ని ఆపాలంటే ముందు అప్రూవల్ కావాలి. అప్రూవల్ ఇవ్వాల్సినాయన నిద్రపోతున్నారు.

ఎవరో మ్యూట్ తీసి, "వర్చువలే కదా, డిస్క్ సైజు పెంచేస్తే పోలా?" అన్నారు. నిజమే, వర్చువల్ అంటే ఆమాత్రం సుఖం ఉండాలి. పెంచబోతే ఆ గడి బూడిద రంగులో ఉంది, నొక్కుడు పడటం లేదు. కారణం, ఈ మిషన్‌కి ఒక స్నాప్‌షాట్ ఉంది, అంటే వెనక్కి వెళ్లడానికి వీలుగా ఒక క్షణంలో ఉన్న స్థితిని పట్టి ఉంచింది. దాని పేరు 'అప్‌గ్రేడ్‌కి ముందు'. ఈ అప్‌గ్రేడ్‌కి కాదండీ, పోయిన దానికి. అప్పుడు జాగ్రత్త కోసం తీసి మర్చిపోయాం. స్నాప్‌షాట్‌ని 72 గంటలకు మించి ఉంచొద్దని ఈ వర్చువల్ మిషన్ల సాఫ్ట్‌వేర్ చేసే వీఎంవేర్ కంపెనీ చెబుతుంది. మాది పద్నాలుగో నెల. అప్పటి నుంచి డిస్క్ మీద మారిన ప్రతి ముక్కా దాని పక్కన డెల్టా ఫైల్‌లో పోగవుతూనే ఉంది. స్నాప్‌షాట్ డిలీట్ చేయమంటే ఆ పోగంతా అసలు డిస్క్‌లో కలపాలి. ప్రోగ్రెస్ బార్ 3 శాతం దగ్గర కూర్చుంది. మేమూ కూర్చున్నాం.

మా వృత్తికే మచ్చ తెచ్చే మనుషులు కొందరున్నారు. వారం ముందే డీఎఫ్ కొట్టి చూస్తారు. ఐనోడ్‌లు (ఒక్కో ఫైల్‌కి ఒక్కోటి చొప్పున డిస్క్‌లో ఉండే నమోదు గడులు) అయిపోయినా ఇదే ఎర్రర్ వస్తుందని వాటినీ లెక్క చూసుకుంటారు. పాత కెర్నళ్లు (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ పాత వెర్షన్లు), పోయిన అప్‌గ్రేడ్ ప్యాకేజీలు, ప్రోగ్రామ్ కూలినప్పుడు మిగిలే క్రాష్ డంప్‌లు ఏరి పారేస్తారు. లాగ్‌లను ఎప్పటికప్పుడు వేరే సర్వర్‌కి పంపేస్తారు. వాళ్ల అప్‌గ్రేడ్ టైముకి అయిపోతుంది, ఇంటికెళ్లి పడుకుంటారు. మర్నాడు చెప్పుకోవడానికి ఏముంటుంది వాళ్లకి? వాళ్ల త్యాగాన్ని ఎవరు గుర్తిస్తారు? మాకైతే రాత్రంతా మేలుకున్నామని మెయిల్‌లో అభినందనలు వచ్చాయి, పై అధికారులకు కాపీతో సహా.

రెండింటికి విండో మూసేశారు. బార్ అప్పటికి 61 శాతం. అప్‌గ్రేడ్ వచ్చే నెలకి వాయిదా. ఎందుకు ఫెయిలైందో తర్వాత చూద్దామని, ఆ రాత్రి లాగ్‌లన్నీ కలిపి ఒక ఆర్కైవ్ చేసి అదే డిస్క్‌లో దాచాం. 3 జీబీ అయింది. కుర్రాడు పేరేం పెట్టమంటారని అడిగితే, చివర్లో 'తీయొద్దు' అని ఉండేలా చూడమన్నాను.