పచ్చ లైటు మహిమ

మా బావగారింట్లో ఆదివారం 10 గంటలకు ఒక ఉత్సవం జరుగుతుంది. పెరట్లోని, ప్రొపేన్ గ్యాస్‌తో నడిచే జనరేటర్ తనంతట తానే లేచి, 12 నిమిషాలు గర్జించి, తనంతట తానే పడుకుంటుంది. బావగారు కచేరీలో ముందు వరసలో కూర్చున్నవారిలా తల ఊపుతారు. ‘విన్నావా ఆ శబ్దం!’ పచ్చ లైటు వెలుగుతుంది. పరీక్ష ప్యాసు.

ఆ 12 నిమిషాల్లో అది ఇంట్లో ఒక్క బల్బునీ వెలిగించదు. లోడ్ లేకుండా తిరుగుతుందంతే. ఖాళీ గోనెసంచి మోసి చూపించి కూలి అడిగినట్టు. అప్పుడప్పుడూ మెయిన్ ఆపేసి, ఫ్రిజ్, ఏసీ దాని నెత్తిన పెట్టి అరగంట నడపండి బావగారూ అంటే, ‘పాపం, దాన్ని కష్టపెట్టడమెందుకు?’ అంటారు. ఆయిల్ మార్చరు, ప్రొపేన్ శుభ్రమైన ఇంధనమట! పెట్రోలైతే నిలవుంటే పాడవుతుంది, ప్రొపేన్ పాడవదు, నిజమే. ఆ సంగతి ఇంజిన్ ఆయిల్‌కి ఎవరు చెప్పాలి? ట్యాంకు ముల్లు 80 శాతం దగ్గర ఆగిందని గ్యాస్ పోసినవాడితో గొడవ ఒకటి. ద్రవం వ్యాకోచించడానికి చోటు వదలాలని ఆ అబ్బాయి చెప్పీ చెప్పీ అలిసిపోయాడు.

మొన్న గాలివానకి కరెంటు పోయింది. జనరేటర్ ఠీవిగా లేచింది. ఏసీ అందుకోగానే ఒకసారి మూలిగి ఆగిపోయింది. మర్నాడు ఎయిర్ ఫిల్టర్ మూత తీస్తే లోపల ఎలుక కాపురం. దూది పరుపు, నాలుగు పిల్లలు, ఒక చింపిన కాగితం. ఆ కాగితం సర్వీసు కార్డే.

ఎలుకని చూసి నాకు నవ్వొచ్చింది. ఆ రాత్రి ఆయన చేసిన పనికి మాత్రం రాలేదు. వాన పడుతోందని ఇంకో చిన్న గ్యాస్ జనరేటర్‌ని గ్యారేజీలో పెట్టి, షట్టర్ సగం ఎత్తి నడిపారు. పైగదిలో పిల్లలు నిద్రపోతున్నారు. విషవాయువుని పసిగట్టే అలారం మోగితే చెవులు చిల్లులు పడుతున్నాయని బ్యాటరీ పీకేశారు! ‘గ్యాసేగా, లీకైతే వాసన తెలుస్తుంది’ అన్నారు. వాసన కలిపింది గ్యాసుకి, పొగకి కాదు బావా! ఆ పొగలోని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. నిద్రలో ఉన్నవాణ్ణి నిద్రలోనే తీసుకుపోతుంది. కనీసం 20 అడుగుల దూరంలో, ఆరుబయట, పొగగొట్టం కిటికీల వైపు తిరక్కుండా పెట్టాలని మిషన్ మీద ఎర్రక్షరాలతో రాసి ఉంది. దాని మీద తువాలు ఆరేశారు. పిల్లల్ని ఎత్తుకొచ్చి వానలో నిలబెట్టింది నేను. ‘జలుబు చేస్తుందిరా’ అని నన్నే తిట్టారు.

ఈ ఆదివారం 10 గంటలకు ఫోన్. అవతల గర్జన.

‘ఎలుకని తరిమి ఫిల్టర్ మార్చారా?’

‘ఎందుకూ, పచ్చ లైటు వెలుగుతోంది కదా!’