స్టార్ట్ కాని సర్వర్ కారణం చెప్పి తీరాలి

స్టార్ట్ కమాండ్ కొడతాం. ఎర్రర్ రాదు, ప్రాంప్ట్ మామూలుగా వచ్చేస్తుంది. కాసేపటికి చూస్తే ప్రాసెస్ లేదు, పోర్ట్ ఓపెన్ కాలేదు. పైనుంచి మేనేజర్ "లాగ్స్ చూశారా?" అంటాడు. లాగ్‌లో ఏమైనా ఉంటే కదా చూడటానికి! అర్ధరాత్రి ఆన్‌కాల్‌లో ఉన్నవాళ్లకి ఆ టెన్షన్ ఏంటో తెలుసు. నా దృష్టిలో ఇది నడిపేవాళ్ల తప్పు కాదు, ప్రోగ్రామ్ రాసినవాళ్ల బాధ్యత.

పాతకాలపు డీమన్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్) పద్ధతి ఏంటంటే, ప్రోగ్రామ్ ఫోర్క్ అవుతుంది, అంటే తన నకలు ఒకటి (చైల్డ్) పుట్టిస్తుంది, అసలుది (పేరెంట్) అంతా బాగుందని చెప్పే సున్నా ఎగ్జిట్ కోడ్‌తో వెళ్లిపోతుంది, చైల్డ్ తన అవుట్‌పుట్‌ని డెవ్ నల్‌కి, అంటే రాసిందంతా మాయమయ్యే చోటికి, మళ్లిస్తుంది. పోర్ట్ దొరకలేదనో, ఫైల్‌కి పర్మిషన్ లేదనో ఆ తర్వాత తెలిస్తే ఇక చెప్పే దారే ఉండదు. డేటాబేస్ సర్వర్ అయిన రెడిస్‌నే తీసుకోండి. డీమనైజ్ ఆన్ చేసి లాగ్‌ఫైల్ పేరు ఖాళీగా ఉంచితే లాగ్స్ అన్నీ డెవ్ నల్‌కే పోతాయి. ఆ సంగతి కాన్ఫిగ్ ఫైల్లోనే రాసి ఉంటుంది, నిజమే. కానీ డిఫాల్ట్‌గా ఆ పేరు ఖాళీగానే ఉంటుంది మరి!

లైనక్స్‌లో సర్వీసుల్ని నడిపే సిస్టమ్‌డీలోనూ సర్వీస్ టైప్ సింపుల్ అని ఉంటే ఫోర్క్ కాగానే స్టార్ట్ అయిపోయినట్టే లెక్క, బైనరీ (ప్రోగ్రామ్ ఫైల్) పాత్ తప్పైనా సరే. 2018లో 240 వెర్షన్‌తో వచ్చిన టైప్ ఎగ్జెక్ కనీసం బైనరీ లోడ్ అయ్యేదాకా ఆగుతుంది. టైప్ నోటిఫై అయితే ఇంకా మేలు, రెడీ అయ్యానని ప్రోగ్రామే చెప్పాలి.

ఇలాంటప్పుడు ముందు సిస్టమ్‌డీ స్టేటస్‌లో ఎగ్జిట్ కోడ్ చూడండి. 203 అంటే బైనరీని అసలు నడపలేకపోయింది, 217 అంటే యూజర్ దగ్గర తేడా. తర్వాత ప్రోగ్రామ్‌ని ఫోర్‌గ్రౌండ్‌లో (టెర్మినల్‌లోనే కనిపించేలా) నడపండి, సర్వీస్ ఏ యూజర్‌తో నడవాలో అదే యూజర్‌తో. దయచేసి రూట్‌తో (అన్ని అనుమతులూ ఉన్న యూజర్‌తో) నడిపి "నాకు బాగానే వస్తోందే" అనకండి. రూట్ సృష్టించిన లాగ్ ఫైల్లో సర్వీస్ యూజర్ రాయలేడు, పాత సమస్య మీద కొత్తది చేరుతుంది. ఎస్‌ఈలైనక్స్ (లైనక్స్‌లో అదనపు భద్రతా నియమాలు) ఉన్న మెషీన్ అయితే చేత్తో నడిపినప్పుడు పనిచేసి, సర్వీస్‌గా మాత్రం ఆగిపోవచ్చు. అలాంటప్పుడు ఆడిట్ లాగ్ చూడాలి. డిస్క్ నిండిందేమో కూడా చూడండి.

డెవలపర్లని నేను అడిగేది ఒక్కటే. కాన్ఫిగ్ చదవడం, పోర్ట్ తీసుకోవడం, ఫైళ్లు తెరవడం, ఇవన్నీ టెర్మినల్‌ని వదలకముందే పూర్తిచేయండి. కుదరకపోతే ఏ ఫైలో, ఏ పోర్టో, ఎందుకో ఒక్క లైన్ ప్రింట్ చేసి, సున్నా కాని కోడ్‌తో ఆగండి. రిలీజ్‌కి ముందు ఆ పోర్ట్‌లో వేరే ప్రాసెస్ పెట్టి మీ సర్వీస్ స్టార్ట్ చేసి చూడండి. ఏమీ చెప్పకుండా ఆగిపోతే ఆ రిలీజ్ ఆపేయండి.