ముక్క వచ్చింది, లెక్క తప్పింది

దసరా సెలవుల్లో హన్మకొండలో మా ఇంట్లో రెండు రోజులు పోకర్ నడిచింది. పందెం చింతగింజలే. పైసలు పెడితే తెలంగాణ గేమింగ్ చట్టం ఊరుకోదు. 2017 సవరణ తర్వాత ఆన్‌లైన్ ఆటకూ అంతే. పైగా బావకు అప్పు పెట్టే అలవాటుంది.

ఆ రాత్రి ఒక ఆట మీద ఇంట్లో ఇప్పటికీ వాదన తెగలేదు. బల్ల మీద అందరికీ ఉమ్మడిగా ఆఠీను రాణి, ఆఠీను తొమ్మిది, ఇస్పేటు నాలుగు, కళావరు రెండు. ఇంకొక్క ముక్కే తెరవాలి. బావ చేతిలో ఆఠీను జాకీ, ఐదు. ఇంకో ఆఠీను పడితే ఐదు ముక్కలూ ఒకే గుర్తువై ఫ్లష్, అంటే మన తీన్ పత్తీ వాళ్లు చెప్పే కలర్. కుప్పలో 60 గింజలున్నాయి. తమ్ముడు 30 వేశాడు. బావ క్షణం ఆలోచించకుండా 30 కలిపాడు. ఆఖరున ఆఠీను మూడు పడింది.

"చూసినవా బామ్మర్దీ, గుండె ఉండాలె!" అన్నాడు. అందరూ చప్పట్లు.

నాకు మాత్రం ఆ కాల్, అంటే 30 కలపడం, తప్పనిపించింది, ఇప్పటికీ అదే అంటాను. బావకు కనబడని ముక్కలు 46. వాటిలో ఆఠీన్లు 9. అంటే అవకాశం సుమారు 19.6 శాతం. కుప్పలో 60, తమ్ముడి 30, మొత్తం 90 గింజల కోసం 30 పెడుతున్నప్పుడు కనీసం 25 శాతం ఉండాలి, అంటే 120లో 30.

కలర్ పడ్డాక ఇంకా గుంజుకోవచ్చు కదా అని బావ వాదన. నిజమే, పోకర్‌లో అదీ లెక్కలోకి వస్తుంది. అసలు చూడాల్సిందీ అక్కడే. లోటు పూడాలంటే ఆఖరి పందెంలో ఇంకో 34 గింజలైనా రావాలి. తమ్ముడి ముందు మిగిలినవి 20. అవన్నీ ప్రతిసారీ ఇచ్చేస్తాడనుకున్నా, ఇదే ఆట 46 సార్లు ఆడితే 9 సార్లు 110 చొప్పున 990 వస్తాయి, 37 సార్లు 30 చొప్పున 1,110 పోతాయి. ఎదుటివాడి దగ్గర మిగిలిన గింజల వంక ఒక్కసారి చూసుంటే బావ ముక్కలు పడేసేవాడు.

తమ్ముడు 30కి బదులు 10 వేసుంటే మాత్రం బావదే రైటు. అప్పుడు 80లో 10, అంటే 12.5 శాతం చాలు. ఓడినా తమ్ముడి పందెం సరైనదే అనేది అందుకే. కానీ గెలిచినవాణ్నే తెలివైనవాడనడం మనకు అలవాటు. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన మిర్చికి ఎనుమాముల మార్కెట్లో రేటు పెరిగితే ఆ రైతు మొనగాడు, పడితే అత్యాశపరుడు. దాచిన రోజు అతనికి ఏం తెలుసో ఎవరూ అడగరు.

ఇంకో సంగతి ఆట అయ్యాక బయటపడింది. తమ్ముడి చేతిలో రెండు తొమ్మిదులున్నాయి, బల్ల మీది దానితో కలిపి మూడు. అందుకని ఆ 9 ఆఠీన్లలో బావకు నిజంగా పనికొచ్చేవి 7. ఆఠీను నాలుగో రెండో పడితే బల్ల మీద జత కట్టి తమ్ముడికి కలర్‌ను మించిన ఫుల్ హౌస్ (ఒక అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) వచ్చేది. బావ కలర్ చూసుకుని మురిసిపోతూ ఇంకో 20 కూడా తోసేవాడు.