ఇంతకీ ఆ సీడీ ఎక్కడ పెట్టాలి?

ఆసుపత్రుల మధ్య ఆరోగ్య సమాచార మార్పిడిలో భారతదేశం వెనకబడిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఎలక్ట్రానిక్ ఆరోగ్య రికార్డుల ప్రమాణాలను మన కేంద్ర ఆరోగ్య శాఖ 2013లోనే ప్రకటించింది. అప్పటికి మనలో చాలామంది చేతిలో స్మార్ట్‌ఫోను కూడా లేదు. మరుసటి ఏడాది స్నోమెడ్ సీటీ అనే వైద్య పరిభాషను నడిపే అంతర్జాతీయ కూటమిలో సభ్యులమయ్యాం. 3 లక్షలకు పైగా వైద్య భావనలు, ఒక్కోదానికి ఒక్కో సంఖ్య, దేశంలో ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు. 2016 డిసెంబరులో ఆ ప్రమాణాలను సవరించాం కూడా. ఎవరూ పాటించని ప్రమాణాలను శ్రద్ధగా కూర్చుని సవరించాలంటే ఎంత నిష్ఠ కావాలి!

ఆ ప్రమాణాల ప్రకారం రక్తపరీక్షకు లోయింక్ కోడ్, జబ్బుకు ఐసీడీ-10 కోడ్, స్కాను చిత్రాలు దాచడానికి డైకామ్, ఒకచోటి నుంచి మరోచోటికి కబురు పంపడానికి హెచ్ఎల్7. ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు హెచ్ఎల్7.

వీటిలో డైకామ్ మీద నాకు ప్రత్యేకమైన గౌరవం ఉంది. డైకామ్ పద్ధతిలో దాచిన ఎమ్మారై చిత్రాన్ని, తగిన సాఫ్ట్‌వేర్ ఉంటే ఏ ఆసుపత్రి కంప్యూటర్ అయినా తెరవగలదు. అందుకే కాబోలు, మన స్కానింగ్ కేంద్రాలు దాన్ని సీడీలో పెట్టి ఇస్తున్నాయి. నడుం నొప్పితో ఒక పెద్దాయన ఆ సీడీ పట్టుకుని వెన్నెముక నిపుణుడి దగ్గరికి వెళ్తాడు. డాక్టరు గారి ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే చోటే లేదు. రిసెప్షన్ కంప్యూటర్‌కు ఉందిగానీ, లోపలికి వెళ్ళిన సీడీ బయటికి రాదని నర్సమ్మ ముందే హెచ్చరిస్తుంది. చివరికి బిల్లింగ్ కౌంటర్‌లో ఒకటి దొరుకుతుంది. వెనక క్యూలో ఉన్నవాళ్ళు సణుగుతుంటే సీడీ గిర్రున తిరుగుతుంది. చిత్రం చూపించే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలంటే పాస్‌వర్డ్ కావాలంటుంది. పాస్‌వర్డ్ తెలిసిన కుర్రాడు సెలవులో ఉన్నాడు.

"ఫిల్ము ఉందా?" అంటారు డాక్టరు గారు.

ఉంది. పెద్ద కవర్లోంచి తీసి ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టుకుంటారు. వాళ్ళబ్బాయి ఒక అంచు పట్టుకోవాలి, లేకపోతే ముడుచుకుపోతుంది. దాన్ని ఫోనుతో ఫోటో తీసి వాట్సాప్‌లో మరో డాక్టరు గారికి పంపుతారు. నడుములోని నాలుగో వెన్నుపూసకూ ఐదో పూసకూ మధ్య, సరిగ్గా చూడాల్సిన చోట, ఫ్యాన్ రెక్క నీడ పడింది. అటునుంచి బొటనవేలి బొమ్మ వస్తుంది. ఆ బొటనవేలికి అర్థం ఆపరేషన్ అవసరమనా, అక్కర్లేదనా? స్నోమెడ్‌లో వెతకాలి. ఈలోగా డాక్టరు గారు తేల్చేస్తారు: "స్పష్టంగా లేదండీ. ఒకసారి మా దగ్గర మళ్ళీ తీయిద్దాం."

ఇదంతా పాత కథ, ఇప్పుడు ఆరోగ్య రికార్డులను కలిపే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఉందిగా అంటారు. ఉంది. 2021 సెప్టెంబరు 27 నుంచి దేశమంతటా ఉంది. 70 కోట్ల మందికి పైగా ఆభా అనే 14 అంకెల ఆరోగ్య ఖాతా సంఖ్యలు ఇచ్చారు. ఓపీ దగ్గర గోడ మీది కోడ్‌ను స్కాన్ చేస్తే మన పేరు, వయసు, ఊరు కౌంటర్‌కు క్షణంలో చేరిపోతాయి. జబ్బు చరిత్ర మాత్రం ప్లాస్టిక్ సంచీలో నడిచి వస్తుంది.

2016 నాటి ప్రమాణాల పత్రంలో ఒక మాట నాకు కంఠతా వచ్చేసింది. రికార్డులోని సమాచారానికి యజమాని రోగి, ఆసుపత్రి ధర్మకర్త మాత్రమే. అంతకన్నా ముందే, 2002 నాటి వైద్య మండలి నిబంధనల్లోనే, రోగి అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలని ఉంది. ఆ యజమాని గారు వెళ్ళి రికార్డుల గది ముందు నిలబడితే, ఎవరి సంతకం తెచ్చుకోవాలో చెప్పేవాడు ఉండడు. ఇక రికార్డులను అనుసంధానించే సంస్థలకు 4 కోట్ల రూపాయల దాకా ప్రోత్సాహకం ఇచ్చే పథకం కూడా 2023లో పెట్టారు. నా సమాచారం నాకు దక్కనివ్వడానికి ధర్మకర్తకు తాయిలం!

హెచ్‌బీఏ1సీ అనే పరీక్ష రెండు మూడు నెలల చక్కెర సగటు చెబుతుంది. పక్క వీధి ల్యాబులో నిన్న చేయించినది ఇక్కడ ఈరోజు చెల్లదంటారు. ఒక్క రాత్రిలో మూడు నెలలు గడిచిపోయాయా? రక్తం అదే, మనిషి అదే, మారింది రసీదు పుస్తకం. రోజు కూలి వదులుకుని వచ్చినవాడి దగ్గర అదే పరీక్షకు రెండోసారి డబ్బు గుంజడాన్ని దోపిడీ అంటారు, సమాచార లోపం అనరు. పెన్సిలిన్ పడని మనిషి స్పృహ లేకుండా వస్తే ఆ సంగతి చెప్పాల్సిన కాగితం ఇంట్లో బీరువాలో ఉంటుంది. ఇంత జరిగినా డిజిటల్ మిషన్‌లో చేరడం ఆసుపత్రుల ఇష్టమేనట! ఎవరి ప్రాణంతో మీ ఇష్టం?

ప్రమాణాలను మళ్ళీ ఎప్పుడు సవరిస్తారో గానీ, ఒక్క వాక్యం చేర్చండి. బయటి రిపోర్టును కాదని అదే పరీక్ష మళ్ళీ చేయించే ఆసుపత్రి, ఎందుకో రాసి సంతకం పెట్టాలి. రాయలేకపోతే ఆ ఖర్చు తానే భరించాలి. దీనికి హెచ్ఎల్7 అక్కర్లేదు, బాల్‌పెన్ను చాలు.